గుమ్మంలో బీరువా

ఆ రోజు పొద్దున్న చిన్నకోడలు పెట్టుకున్న పని ఒక్కటే. నీలం గదిలో మంచం కిర్రుమనకుండా చేయించాలి.

మంచానికి వంక పెట్టడానికేం లేదు. నల్లగా నిగనిగలాడే పందిరి మంచం, నాలుగు కాళ్ళకీ చెక్కిన పువ్వులు. కాకపోతే దానిమీద మనిషి పక్కకి ఒత్తిగిలితే చాలు, కింద వరండాలో కాఫీ తాగేవాళ్ళకి కూడా ఆ సంగతి తెలిసిపోయేది. పోయిన వారం కొత్తగా పెళ్ళయిన జంట ఆ గదిలో దిగి, మర్నాడు ఎవరి ముఖమూ చూడకుండా, ఫలహారం కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది. రాత్రంతా పరుపు నేలమీద వేసుకుని పడుకున్నారట పాపం. మధ్యాహ్నం వచ్చే టూరిస్టు కంపెనీ ఆవిడ ఆ మంచం మీద కూర్చుంటే ఏమవుతుందోనని చిన్నకోడలికి రెండు రోజులుగా నిద్ర లేదు.

ఎందుకంటే ఆ వచ్చే ఆవిడ ఔనంటే ఏడాది పొడుగునా గదులు నిండుతాయి. కాదంటే ఇల్లు ఉండదు. మాటవరసకి కాదు, నిజంగానే ఉండదు. దాన్ని కూల్చి ఫ్లాట్లు కట్టడానికి ఒక బిల్డరు కాగితాలు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు.

నిజానికి అది ఒక్క ఇల్లు కాదు, ఒకప్పుడు ఇద్దరు అన్నదమ్ములు వీపూ వీపూ ఆనించి కట్టుకున్న రెండిళ్ళు. అన్న ఇల్లు పెద్ద వీధి వైపు, తమ్ముడి ఇల్లు వెనక సందు వైపు. అన్న ఇంటిని పెద్దిల్లు అన్నారు. రెండోదాన్ని చిన్నిల్లు అనడానికి ఎవరికీ నోరు రాక వెనకిల్లు అన్నారు. తరాలు గడిచి, పంపకాలు జరిగి, పిల్లలూ వాళ్ళ పిల్లలూ అదే ఊళ్ళో తలో వీధిలో సర్దుకున్నాక, రెండిళ్ళూ పావురాల పాలయ్యాయి. చిన్నకోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి తాళం తీయించి చూద్దామని లోపలికి వెళ్ళింది. వెళ్ళిన మనిషి చీకటి పడేదాకా బయటికి రాలేదు. వచ్చాక తన ఉద్యోగం మానేస్తున్నానని చెప్పింది. "సరే, చూద్దాంలే," అన్నాడు ఆమె భర్త. ఆయన దేనికైనా అదే అంటాడు. ఆయన ఇంకా చూస్తుండగానే ఆమె మధ్య గోడలో తలుపు తెరిపించి, పెంకులు మార్పించి, పాడైన గచ్చుని అద్దంలా మెరిపించి, రెండిళ్ళనీ కలిపి హోటలు చేసేసింది.

తీరా గోడలూ కప్పూ పూర్తయ్యేసరికి చేతిలో ఉన్నది కాస్తా అయిపోయింది. అంత పాత ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలు వేయడానికి ఆమెకి మనసొప్పలేదు. ఇంటి సామానంతా పంపకాల్లో చుట్టాల ఇళ్ళకి చేరిపోయింది కాబట్టి గడప గడపా తిరిగి అడిగింది. అందరూ ఇచ్చారు. కాదు, ఇవ్వలేదు. ఆ వంశంలో ఇవ్వడం అనే అలవాటు లేదు, ఉంచడం మాత్రం ఉంది. "ఇచ్చాననుకోకు, నీ దగ్గర ఉంచాననుకో. కావలసినప్పుడు పట్టుకెళ్ళిపోతాను," అని అందరూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట అన్నారు. అలా ఉంచిన మంచాల మీదా కుర్చీల మీదా ఆ హోటలు నడుస్తోంది.

పెద్దమావయ్య సంగతి వేరు. ఆయన చిన్నకోడలి భర్తకి పెదనాన్న, ఇంటికి పెద్ద, ఏ కాగితం కదలాలన్నా ఆయన సంతకం పడాలి. ఆయన వాటాకి వచ్చిన చెక్క బీరువా పంపకాల నాటి నుంచీ పెద్దింట్లోనే ఉంది. "అందరూ ఊడ్చుకుపోయారు. నేనొక్కణ్ణే నాది ఇంటికి వదిలేశాను. నా మనసు అలాంటిది," అని ఆయన చుట్టాలు కలిసిన ప్రతి చోటా చెప్పేవాడు. ఇల్లు అమ్మేద్దామని మొదట అన్నది కూడా ఆయనే. "ఇల్లంటే జ్ఞాపకాలు కాదమ్మా, మునిసిపాలిటీ పన్ను," అనేవాడు. చిన్నకోడలు కాళ్ళావేళ్ళా పడితే ఒక్క సీజను గడువిచ్చాడు. టూరిస్టు కంపెనీ ఒప్పుకుంటే హోటలు, లేకపోతే బిల్డరు. ఆ సీజను ఆఖరుకి వచ్చేసింది.

వడ్రంగి తోపుడుబండితో సహా పొద్దున్నే వచ్చాడు. మంచాన్ని విడదీసి, దుమ్ము పడకుండా తెల్ల దుప్పట్లు చుట్టి, తాళ్ళతో కట్టాడు.

"మధ్యాహ్నం భోజనాల వేళకి తెచ్చేయాలి. మర్చిపోవుగా?"

"నేను మర్చిపోవడమేంటమ్మా? కొంచెం కోస్తే చాలు, కిక్కురుమనదు."

"కోయొద్దయ్యా బాబూ. బిగించు చాలు."

"కోయకుండా బాగయ్యేది ఏముంటుందమ్మా లోకంలో?" అంటూ అతను బండి తోశాడు. రంపం పట్టుకోని రోజు అతనికి అన్నం సయించదని ఆ వీధిలో అందరికీ తెలుసు.

బండి వీధి చివర టీ దుకాణం దాకా వెళ్ళింది. అక్కడ బెంచీ మీద వార్తల మావయ్య కూర్చుని ఉన్నాడు. పెద్దమావయ్యకి ఆఖరి తమ్ముడు. పేపర్లో పడని వార్తలన్నీ ఆయన దగ్గర దొరుకుతాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. తెల్ల దుప్పటి కిందనుంచి తొంగిచూస్తున్న చెక్కడపు పువ్వుని ఆయన వెంటనే గుర్తుపట్టాడు. అది తన అన్న కూతురి మంచం. అంటే చిన్నకోడలి ఆడపడుచుది.

"ఎక్కడికోయ్ ఇది?"

"కొట్టుకండీ."

"మిగతా సామానో?"

"చూడాలండీ. ఇంకా ఏమైనా ఉంటే చెబుతానన్నారు," అన్నాడు వడ్రంగి. చిన్నకోడలు నిజంగానే అలా అంది, ఊగే స్టూలు ఒకటి ఉందని.

వార్తల మావయ్య టీ గ్లాసు కింద పెట్టేశాడు. సగం టీ వదిలేసి ఆయన లేవడం ఆ దుకాణంవాడు చూడటం అదే మొదటిసారి. ఆయనకి విషయం అరటిపండు ఒలిచినట్టు అర్థమైపోయింది. హోటలు మూసేస్తున్నారు, సామాను కొట్లకి తోలేస్తున్నారు, అదీ శవాన్ని చుట్టినట్టు చుట్టి మరీ. ఆడపడుచుకి ఫోన్ చేసేసరికి వెళ్ళింది ఒక మంచం. చిన్నకోడలి తోడికోడలికి చేసేసరికి అది రెండు గదుల సామానైంది. మూడో ఫోనుకి హోటలు ఖాళీ అయిపోయింది. ఆయన అబద్ధం ఒక్కటీ చెప్పలేదు, వేగంగా చెప్పాడంతే.

చిన్నకోడలు మెట్లకి పువ్వుల కుండీలు సర్దుతుండగా ఆటో ఆగింది. ఆడపడుచు దిగింది. వెనకాల ఇంకో ఆటోలో ఇద్దరు కూలీలు దిగారు.

"నా మంచం ఏదీ?"

"రిపేరుకి పంపాను వదినా. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది."

"రిపేరా?" ఆడపడుచు నవ్వింది. అది నవ్వు కాదు. "మా వీధిలో సినిమా హాలు కూడా రిపేరు అని బోర్డు పెట్టే మూతపడింది. అక్కడిప్పుడు సిమెంటు అమ్ముతున్నారు. పోనీలే, మంచం పోతే పోయింది. నా నిలువుటద్దం నాకిచ్చెయ్."

"వదినా, మీకు దణ్ణం పెడతాను. సాయంత్రం దాకా ఆగండి, తర్వాత మీ ఇష్టం."

"సాయంత్రానికి ఏం మిగులుతుందమ్మా?" అని ఆడపడుచు లోపలికి నడిచింది.

అద్దం మెట్లు దిగుతుండగా తోడికోడలు వచ్చింది, భోజనాల బల్ల కోసం. బల్ల దారి మధ్యలో ఉండగా వార్తల మావయ్య వచ్చాడు, తన పడక కుర్చీ కోసం. ఆ కుర్చీలో పై గదిలో దిగిన లెక్కల మాస్టారు పేపరు చదువుకుంటున్నారు. కూలీలు ఆయన్ని లేవమని అడగడానికి మొహమాటపడి, కుర్చీతో సహా ఎత్తారు. ఆయన పేజీ తిప్పి, "కొంచెం నీడలో పెట్టండి," అన్నారు. ఆ తర్వాత చిన్నకోడలు ఎప్పుడో చూసి మర్చిపోయిన చుట్టాలు కూడా రావడం మొదలెట్టారు. ఒకరు దీపపు స్తంభానికి, ఒకరు పావుకోళ్ళ స్టాండుకి, ఒకావిడ కేవలం ఒక పీటకి. పీట ఆవిడ అందరికన్నా గట్టిగా అరిచింది.

"అక్కా, నువ్వైనా వినవే! టూరిస్టు కంపెనీవాళ్ళు వచ్చేది ఇవాళే," అంది చిన్నకోడలు తోడికోడలి చెయ్యి పట్టుకుని.

"వాళ్ళొస్తుంటే మంచం ఎందుకు పంపేశావు మరి? ఎవరైనా చుట్టం వచ్చే రోజు కంచాలు బయట పడేస్తారా?"

దానికి చిన్నకోడలు చెప్పగలిగింది నిజం ఒక్కటే. దాన్ని ఎవరూ నమ్మడం లేదు. పెద్దవాళ్ళ మాటైతే వింటారని చివరికి పెద్దమావయ్యకి ఫోన్ చేసింది. ఆ పొద్దున్న ఆమె చేసిన తప్పుల్లో అదే పెద్దది.

"మావయ్యగారూ, మీరొక్కసారి రావాలి. అందరూ సామాను పట్టుకెళ్ళిపోతున్నారు."

అవతలి గొంతు ఎంతో ఆప్యాయంగా వినిపించింది. "మంచి నిర్ణయం తీసుకున్నావమ్మా. నువ్వు తెలివైనదానివని నేను ముందే అన్నాను. ఇదుగో, వస్తున్నాను."

వచ్చాడు, నలుగురు బలమైన కూలీలతో. చిన్నకోడలు నోరు తెరిచేలోపే ఆమె తలమీద చెయ్యి వేసి ఆశీర్వదించి, "ముందు నా బీరువా తీయించేద్దాం. రేపు కూల్చేటప్పుడు దుమ్ము పడుతుంది," అన్నాడు.

ఆ బీరువా నిలబడితే చిన్న గదిలా ఉంటుంది. పైన చెక్కిన కిరీటం, కింద సింహపు కాళ్ళు. గదిలోంచి నడవలోకి సులువుగానే వచ్చింది, ఎందుకంటే ఆ గదికీ నడవకీ మధ్య ఉన్న గోడని చిన్నకోడలే మరమ్మతుల్లో తీయించేసింది. నడవలోంచి ముంగిట్లోకి, ముంగిట్లోంచి వీధి గుమ్మంలోకి వచ్చింది. అక్కడ కిరీటం గుమ్మం పైనున్న కర్ర కమ్మీకి తగిలింది. "కొంచెం వంచండి!" అన్నాడు పెద్దమావయ్య. వంచారు. "ఇప్పుడు తొయ్యండి!" తోశారు. ఎక్కడో ఏదో టక్కుమంది, బీరువా సగం వీధిలోకీ సగం ఇంట్లోకీ వచ్చి ఆగిపోయింది. లాగితే రాదు, తోస్తే పోదు. పక్కన చెయ్యి పట్టేంత సందు కూడా లేదు.

వెనకాల అద్దం ఆగింది. అద్దం వెనక బల్ల, బల్ల వెనక మాస్టారూ కుర్చీ, దీపపు స్తంభం, పావుకోళ్ళ స్టాండు. ఉన్న ఇంకో దారి వెనకింట్లోంచి సందులోకి. రెండిళ్ళ మధ్య తలుపు ఒక్క మనిషి పట్టేంత, సందు ఇద్దరు మనుషులు తప్పుకునేంత. దాంట్లోంచి పీట ఒక్కటే పోగలదు. పీట ఆవిడ మాత్రం అందరూ ఎలా పోతారో చూడాలని ఆగిపోయింది.

"ఇదెలా లోపలికొచ్చింది అసలు?" అన్నాడు వార్తల మావయ్య.

పెద్దమావయ్య చెమట తుడుచుకున్నాడు. "రాలేదు. నాన్న ఇంట్లోనే చేయించాడు. ఆ మూల గదిలో వడ్రంగిని కూర్చోబెట్టి..." అంటూ ఆగిపోయాడు. మిగతాది ఆయనకి కూడా అప్పుడే తట్టింది.

ఆడపడుచుకి ఆయనకన్నా ముందే తట్టింది. "అయితే పెదనాన్నా, ఇన్నాళ్ళూ మీది మంచి మనసు కాదన్నమాట. ఇరుకు గుమ్మమన్నమాట."

చుట్టాలందరూ ఒక్కసారి నవ్వారు. పెద్దమావయ్య మొహం కందగడ్డలా అయింది.

సరిగ్గా అప్పుడే చిన్నకోడలి ఫోను మోగింది. భర్త. టూరిస్టు కంపెనీ ఆవిణ్ణి స్టేషను నుంచి తీసుకురావడం ఆయన పని. "వచ్చేశాం. వీధి మొదట్లో ఉన్నాం. మన గుమ్మంలో ఏదో నల్లగా, పెద్దగా నిలబడి ఉందే?"

"బీరువా."

"బీరువానా? అక్కడెందుకు?" కాసేపు ఆలోచించాడు. "సరే, చూద్దాంలే."

"చూడకండి! వెనక సందులోంచి తీసుకురండి. నిదానంగా. వీలైనంత నిదానంగా."

ఫోను పెట్టేసి చిన్నకోడలు వరండా మెట్టు మీద కూలబడింది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా. మూడేళ్ళు ఒక్కో పెంకూ చేత్తో పట్టుకుని చూసిన ఇల్లు ఇది. ఏ కిటికీలోంచి ఏ వేళకి ఎండ ఎక్కడ పడుతుందో ఆమెకి తన అరచేతికన్నా బాగా తెలుసు. ఇంకో గంటలో అంతా అయిపోతుంది, అదీ ఒక కిర్రుమనే మంచం మూలాన. అవమానం కన్నా ఎక్కువగా ఆమెకి ఆ ఇంటి మీద జాలేసింది.

కళ్ళు తుడుచుకుని ముంగిలి వైపు చూసింది. ఇల్లు అమ్ముకుందామనుకునేవాళ్ళెవరూ అలా ఉండరు. ఆడపడుచు అద్దానికి ఎండ తగలకుండా కొంగు కప్పి పట్టుకుంది. తోడికోడలు బల్ల మీద కూలీ మోచెయ్యి ఆనిస్తే కసిరికొడుతోంది. దీపపు స్తంభం ఆయన దాన్ని భుజానికి ఆనించుకుని నిలబడ్డాడు. అందరి మొహాల్లోనూ ఒకటే భయం, తమది పక్కవాడు పట్టుకుపోతాడేమోనని. ఇంతకాలం వీళ్ళని బతిమాలుతూ వచ్చాను, అదే పొరపాటు, అనుకుంది చిన్నకోడలు. లేచి మొహం కడుక్కుని, చీర కుచ్చిళ్ళు సరిచేసుకుని వచ్చింది.

"చూడండి, అందరికీ చెబుతున్నాను," అంది గొంతు పెంచి. "దారి తెరుచుకునేదాకా ఎవరి వస్తువు దగ్గర వాళ్ళు కూర్చోండి. లేచి వెళ్ళినవాళ్ళ సామానుకి నా పూచీ లేదు. ఎవరు ఎవరిది ఎత్తుకుపోతారో నాకు తెలీదు."

ఒక్క క్షణంలో అందరూ కూర్చున్నారు. అద్దం పక్కన ఆడపడుచు, బల్ల మీదే తోడికోడలు, మాస్టారిని లేపేసి పడక కుర్చీలో వార్తల మావయ్య, పీట మీద పీట ఆవిడ. మాస్టారు మెట్టు మీదికి మారి మళ్ళీ పేపరు తెరిచారు. ముంగిలంతా ఒక్కసారిగా కుదురుగా, నిండుగా కనిపించింది. అంత నిండుగా ఆ ఇంటిని చిన్నకోడలు ఎప్పుడూ చూడలేదు.

వెనకింటి తలుపులోంచి ముందు వడ్రంగి వచ్చాడు, భుజాన మంచం కోడు, చేతిలో రంపం. వెనక చిన్నకోడలి భర్త, ఆయన వెనక టూరిస్టు కంపెనీ ఆవిడ. చిన్న మనిషి, పెద్ద కళ్ళజోడు, ఎన్నో హోటళ్ళు చూసి విసిగిన మొహం.

"ఇదేంటి, పాత సామాన్ల వేలమా?" అంది ఆవిడ నిలబడిపోయి.

వేలం అనే మాట చెవిన పడేసరికి చుట్టాలకి ఆవిడెవరో తేలిపోయింది. పాత సామాను కొనే వ్యాపారి! ఆడపడుచు అద్దానికి అడ్డంగా జరిగింది.

"ఇది అమ్మేది కాదండీ. ముందే చెబుతున్నా."

"నేనేం అడగలేదు కదండీ," అంది ఆవిడ. "కానీ ఎందుకమ్మరు?"

"ఎందుకేమిటండీ? మా ఆయన్ని మొదటిసారి చూసింది ఈ అద్దంలోనే. తల దువ్వుకుంటుంటే వెనక కిటికీలోంచి కనబడ్డారు, వీధిలో సైకిలు దిగుతూ. చక్కగా ఎడమ పాపిడి. నాకు ఎడమ పాపిడి అంటే ఇష్టం. పెళ్ళయ్యాక చూస్తే కుడి పాపిడి. అద్దం కదా! అప్పటికి చేసేదేముంది?"

టూరిస్టు కంపెనీ ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నవ్వు ఆపుకోవడానికో, అద్దం బాగా చూడటానికో తెలీదు. చిన్నకోడలు ముందుకొచ్చింది. ఇక ఆమెకి వెనక్కి చూసే పని లేదు.

"రండి, ఇటు భోజనాల బల్ల. వీరు మా తోడికోడలు, బల్ల వీరిది."

"ఈ మచ్చేంటండీ?"

"ఇస్త్రీ పెట్టె మరక," అంది తోడికోడలు. "మా వదిన కాల్చింది."

"నేనా!" ఆడపడుచు అద్దం దగ్గర్నుంచే లేచింది. "ఇస్త్రీ పెట్టె నాదే. కానీ దాన్ని బల్ల మీద వదిలేసి వీధిలోకి పరిగెత్తింది ఎవరు? గాజులవాడు వచ్చాడని పరిగెత్తింది ఎవరు?"

"అప్పుడు నేనింకా ఈ ఇంటికి రానే లేదు!"

"ఇంటికి రాలేదు, పక్కింట్లోనే ఉండేదానివిగా. రోజూ ఇక్కడే ఉండేదానివి. అన్నయ్యని చూడ్డానికి."

తోడికోడలు నాలిక కరుచుకుంది. అంతకాలంగా ఇంట్లో ఇంకెవరికీ తెలియని సంగతి అది. వార్తల మావయ్య పడక కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు. ఇన్నేళ్ళ వార్తల్లో అది ఆయనకి కూడా అందలేదు.

"నేను ఈ వారమంతా ఇలాంటి హోటళ్ళే చూశానండీ," అంది టూరిస్టు కంపెనీ ఆవిడ చిన్నకోడలితో, బల్ల మీద చెయ్యి వేసి. "ప్రతి చోటా ఒక మంచం, దానిమీద ఎవరో రాజుగారు పడుకున్నారని ఒక బోర్డు. ఆ రాజు బతికినన్నాళ్ళూ పడుకునే ఉన్నాడేమోనని అనుమానం వచ్చింది. ఇలా కొట్టుకునేవాళ్ళు ఎక్కడా లేరు. ఇది మీ దగ్గర రోజూ ఉంటుందా?"

"లేదండీ," అంది చిన్నకోడలు రెప్ప వేయకుండా. "ముఖ్యమైన అతిథులు వచ్చినప్పుడే."

ఆమె భర్త ఏదో అనబోయాడు. ఆమె కళ్ళు చూసి మానేశాడు.

ఈలోగా వడ్రంగి బీరువా చుట్టూ తిరిగి, కమ్మీ మీద వేలితో కొట్టి చూసి, సంతోషంతో వెలిగిపోతూ వచ్చాడు. "కోయాలి. వేరే దారి లేదు. బీరువా కిరీటమైనా కోయాలి, గుమ్మమైనా కోయాలి. ఏది కోయమంటారు?"

"బీరువా ముట్టుకున్నావంటే చూడు!" అన్నాడు పెద్దమావయ్య.

"అయితే గుమ్మం కొయ్యి," అంది చిన్నకోడలు.

మాట ఎంత మామూలుగా అందంటే వడ్రంగి కూడా ఒకసారి ఆమె మొహం చూశాడు. నిజంగానే కోయించేదా అని తర్వాత చాలామంది ఆమెని అడిగారు. ఆమె ఎవరికీ చెప్పలేదు. వడ్రంగి స్టూలు ఎక్కి, కమ్మీకి రంపం ఆనించి, ఒక్క లాగు లాగాడు.

"ఆపరా!"

ముంగిలంతా ఉలిక్కిపడింది. పెద్దమావయ్య స్టూలు దగ్గరికి ఎలా చేరాడో ఎవరూ చూడలేదు. రంపం పట్టుకున్న చేతిని రెండు చేతులా పట్టేసుకున్నాడు.

"ఎవరి గుమ్మం అనుకున్నావురా ఇది? మా నాన్న ఈ కర్రకోసం మూడూళ్ళు తిరిగాడు. రోజూ దీనికి తల కొట్టుకునేవాడు, రోజూ తిట్టేవాడు. ఎత్తు పెంచుకోవచ్చుగా అని అమ్మ అంటే, ‘నేను వంగుతాను గానీ దాన్ని కోయనివ్వను’ అనేవాడు. దీనిమీద రంపం పెడతావా? నీ చెయ్యి విరగ్గొడతాను!"

లెక్కల మాస్టారు పేపరు దించారు.

చిన్నకోడలు ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆమె గొంతులో కోపం లేదు. గెలిచానన్న ధ్వని కూడా లేదు, ఇంకా.

"మావయ్యగారూ, ఒక్క గుమ్మానికి రంపం పెడితేనే మీరు చెయ్యి విరగ్గొడతానన్నారు. ఇల్లంతా కూల్చడానికి సంతకం ఎలా పెడదామనుకున్నారు?"

పెద్దమావయ్య వడ్రంగి చెయ్యి వదిలేశాడు. కమ్మీ మీద పడ్డ సన్నటి గాటుని బొటనవేలితో తడిమాడు. రాలిన పొట్టుని వేలితో తుడిచాడు. ఎవరి వైపూ చూడకుండా కూలీలతో అన్నాడు.

"లోపలికి లాగండి."

"రాదండీ," అన్నాడు ఒక కూలీ.

"వస్తుంది. దానికి అలవాటైన చోటు లోపలే. లాగండి!" అని ఆయన పంచె ఎగ్గట్టి తనే ఒక పక్కన భుజం పెట్టాడు. చిన్నకోడలి భర్త చూద్దాంలే అనకుండానే పరిగెత్తి ఇంకో పక్కన పట్టుకున్నాడు. వార్తల మావయ్య కుర్చీలోంచి లేచాడు, ఎవరో తన కుర్చీ ఎత్తుకుపోతారన్న భయం లేకుండా. ఆడపడుచు కొంగు బిగించింది. తోడికోడలు ఒకటీ, రెండూ అని లెక్కపెట్టింది. బీరువా ఒక్కసారి మూలిగి, కదిలి, వాళ్ళందరి మీదికీ వచ్చి పడినంత పని చేసి, ముంగిట్లోకి వచ్చేసింది. వీధిలో గుమిగూడిన జనం చప్పట్లు కొట్టారు. చిన్నకోడలు ఆ చప్పట్లు విని పిచ్చిదానిలా నవ్వింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, ఈసారి తుడుచుకోలేదు.

దారి తెరుచుకుంది. వీధిలో తోపుడుబండ్లు వరసగా ఎదురుచూస్తున్నాయి. ఎవరూ వాటి వైపు వెళ్ళలేదు. ఆడపడుచు కూలీలని పిలిచి, "చూస్తూ నిలబడతారేం? అద్దం పైకెక్కించండి. జాగ్రత్త, అది కాపురం చేసిన అద్దం," అంది. బల్ల వెనక్కి తిరిగింది. స్తంభం వెనక్కి తిరిగింది. హడావిడిలో ఏదీ తన గదికి చేరలేదు. నీలం గదిలోకి పావుకోళ్ళ స్టాండు, వంటింట్లోకి పడక కుర్చీ వెళ్ళాయి. వడ్రంగి మాత్రం కోయడానికి ఏమీ దొరక్క, మంచాన్ని బిగించడానికి దిగులుగా మేడ ఎక్కాడు.

టూరిస్టు కంపెనీ ఆవిడ ఆ ఇస్త్రీ మచ్చ పక్కనే కాగితాలు పరిచి సంతకం పెట్టింది. ఏడాదికి సరిపడా గదులు, అన్నీ. "ఒకటే షరతు," అంది. "ఈ మనుషులు ఉండాలి. సామాను లేకపోయినా సర్దుకుంటాం."

"రోజూ ఎక్కడ వస్తామండీ, మాకూ పనులుంటాయి," అంది ఆడపడుచు. మర్నాడు అందరికన్నా ముందు వచ్చింది ఆవిడే, కొత్త చీర కట్టుకుని.

చిన్నకోడలు ఆ సాయంత్రం వీధి గుమ్మం ముందు నిలబడి, ఇంటిని పైనుంచి కిందకి ఒకసారి తృప్తిగా చూసుకుంది. ఆ తలుపులూ, ఆ పెంకులూ, లోపల్నుంచి ఇంకా వినబడుతున్న ఆ పోట్లాటా, అన్నీ ఇక ఎక్కడికీ పోవు. తన పేరు పెట్టుకోకుండానే తనదైపోయిన ఇల్లు అది. లోపలికి వెళుతూ తలని కమ్మీకి గట్టిగా కొట్టుకుంది. పెద్దమావయ్య వాళ్ళ నాన్నగారిలాగే దాన్ని తిట్టి, లోపలికి వెళ్ళింది.

పెద్దమావయ్య బిల్డరుకి తనే ఫోన్ చేసి వద్దని చెప్పాడు. నెల తిరక్కుండానే ఆ బిల్డరు భార్యాపిల్లలతో సహా హోటలుకి వచ్చి, వారం రోజులకి రెండు గదులు కావాలన్నాడు. తను కట్టి తనే ఉంటున్న ఫ్లాటులో పైకప్పు కారుతోందట.